డొమైన్లు కొనేవాళ్ళను ఏఐ వెతికి పెడుతుందా? ఈ పని చేస్తున్నవాడిగా నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నలభై దాకా డొమైన్లు, అంటే వెబ్‌సైటు పేర్లు, కొని గోడాడీలో అమ్మకానికి పెట్టారు. వాటిలో కొన్ని తెలుగు మాటలవి, కొన్నిటిలో ఏదో ఒక కంపెనీ బ్రాండు మాట ఉంది. ఏడాది దాటినా ఒక్క ఆఫర్ రాలేదు. ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటి వాటితో కొనేవాళ్ళను వెతికించి, వాళ్ళకే నేరుగా రాద్దామనుకుంటున్నారు. ఏ టూల్ మంచిది, డబ్బు కట్టి తీసుకోవాలా, ఈమెయిల్లో ఏం రాయాలి?

సూటిగా చెప్పేస్తాను. ఏఐతో కొనేవాళ్ళు దొరుకుతారు, కానీ "కొనేవాళ్ళ పేర్లు చెప్పు" అని అడిగితే మాత్రం దొరకరు. దాన్ని గుర్తు తెచ్చుకొని చెప్పమనకండి, మీరు తెచ్చిచ్చింది చదివి చెప్పమనండి. కంపెనీల జాబితా అవి నిజంగా నమోదై ఉన్న చోట్ల నుంచి మీరే తేవాలి. అందులో ఈ పేరు ఎవరికి అవసరమో జల్లెడ పట్టే పని దానికి అప్పగించాలి. ఇలా చేస్తే ఉచిత వెర్షన్లతోనే చాలావరకు నడిచిపోతుంది. లేదంటే నెలనెలా డాలర్లు కట్టి మరీ, లేని కంపెనీలకు ఈమెయిల్స్ పంపుకుంటూ కూర్చుంటారు.

నేను అమ్మేవి ఎక్కువగా అమెరికా ఊరి పేరూ ఒక సర్వీసూ కలిసిన డొమైన్లు, కొన్ని మన వ్యాపారాలకు పనికొచ్చే పేర్లు. లక్షల డాలర్లు పలికే ఒక్క మాట డొమైన్ల సంగతి వేరు, అక్కడ బ్రోకర్లుంటారు. నేను చెప్పేది కొన్ని వందల నుంచి కొన్ని వేల డాలర్ల దాకా పలికే మామూలు పేర్ల గురించి. మీ నలభై కూడా ఈ కోవలోవే అనుకుంటున్నాను.

ఏడాదిలో నలభైకి సున్నా అని టెన్షన్ పడకండి. మంచి పేర్లున్నవాళ్ళకే ఏడాదికి నూటికి ఒకటో రెండో అమ్ముడుపోతే ఫర్వాలేదని ఈ వ్యాపారంలో అందరూ చెప్పుకునే లెక్క. మీకు ఒకటి కూడా పోలేదంటే పేర్లు చెత్తవని అప్పుడే తీర్మానించుకోనక్కర్లేదు. అలాగని మంచివనీ కాదు.

ఏఐ దగ్గరికి వెళ్ళేముందు రెండు నిమిషాల పని ఒకటుంది. మీ డొమైన్లలో ఒకదాన్ని బ్రౌజర్లో కొట్టి చూడండి. ఏం వచ్చింది? ఖాళీ పేజీయో, ప్రకటనలతో నిండిన పార్కింగ్ పేజీయో వస్తే, కొందామని వచ్చినవాడు కూడా వెనక్కి పోతాడు. డొమైన్ కొట్టినవాడు ఏ సైటుకు వెళ్ళాలో చెప్పే నేమ్‌సర్వర్లను ఆఫ్టర్నిక్, సెడో లాంటి డొమైన్ల అంగడి సైట్లలో ఒకదానికి తిప్పి, ధర, కొనే బటన్ కనిపించే అమ్మకం పేజీ పెట్టండి. నేను అమ్మినవాటిలో పెద్ద మొత్తం తెచ్చినవి చాలావరకు ఇలా వాళ్ళంతట వాళ్ళు వచ్చి కొన్నవే. మనం వెతుక్కుంటూ వెళ్ళడం రెండో దారి.

నేరుగా అడిగితే ఏమవుతుంది

ఒకసారి పరీక్షగా అడిగి చూశాను. నా దగ్గరున్న ఒక పేరు ఇచ్చి, దీన్ని కొనే అవకాశమున్న ఇరవై కంపెనీలు, వాటి యజమానులు, ఈమెయిల్ చిరునామాలతో సహా పట్టిక వేయమన్నాను. చకచకా వేసిచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఒక్కొక్కటీ గూగుల్ మ్యాప్స్‌లో వెతికితే కొన్ని కంపెనీలు అసలు లేవు. కొన్ని ఉన్నాయి గానీ ఎప్పుడో మూతపడ్డాయి. యజమాని పేరున్న చోట వేరే మనిషి ఉన్నాడు. ఈమెయిల్స్ అయితే దాదాపు అన్నీ "ఇన్ఫో" అని మొదలుపెట్టి కంపెనీ పేరు తగిలించి అల్లినవే.

ఇంటర్నెట్‌లో వెతికే సదుపాయం ఆన్ చేస్తే కొంత మెరుగవుతుంది, ఒప్పుకుంటాను. అప్పుడు కూడా వెతికిన మొదటి పేజీలో పైన కనిపించే పెద్ద కంపెనీలనే తెస్తుంది. వాటికి మీ పేరు అక్కర్లేదు. సొంత బ్రాండు మీద కోట్లు ఖర్చు పెట్టిన సంస్థ ఊరి పేరుతో ఉన్న డొమైన్ ఎందుకు కొంటుంది? మీకు కావలసినవాళ్ళు రెండో పేజీలో, మూడో పేజీలో ఉంటారు.

"హూయిజ్‌లో (డొమైన్ ఎవరి పేరున ఉందో చూపే పాత రికార్డులో) చూసి ఓనర్ ఎవరో కనుక్కో" అని కూడా ఏఐ సలహా ఇస్తుంది. పాత పుస్తకాల చదువు అది. ఐరోపా గోప్యత చట్టం అమల్లోకి వచ్చిన 2018 మే నుంచి డాట్ కామ్ లాంటి వాటిలో ఓనర్ పేరు, ఈమెయిల్ చాలావరకు దాచేశారు. 2025 జనవరి నుంచి హూయిజ్ స్థానంలో ఆర్‌డాప్ వచ్చింది. అందులోనూ సాధారణంగా రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) పేరు, తేదీలు తప్ప మనిషి వివరాలు దొరకవు. తేదీలు మాత్రం పనికొస్తాయి, ఎలాగో కింద చెబుతాను.

మరి జాబితా ఎక్కడి నుంచి తేవాలి

ఇక్కడే అసలు కష్టమంతా. చాలామంది ఈ మెట్టు దాటేసి ఈమెయిల్ రాయడం దగ్గరికి పరిగెడతారు.

అన్నిటికన్నా మంచి కొనుగోలుదారు ఎవరంటే, మీ పేరునే కాస్త వంకరగా వాడుతున్నవాడు. మీ దగ్గర డాట్ కామ్ ఉంటే వాడి దగ్గర అదే పేరు డాట్ నెట్, డాట్ ఇన్, డాట్ కో ఉంటుంది. లేదా మధ్యలో గీత ఉంటుంది, ముందో వెనకో ఒక అదనపు మాట ఉంటుంది. ఇలాంటివాళ్ళను పట్టుకోవడానికి ఏఐ అక్కర్లేదు. డాట్‌డీబీ లాంటి సైట్లలో మీ పేరు కొడితే ఆ మాటలతో ఏయే ఎక్స్‌టెన్షన్లలో (డాట్ తర్వాత వచ్చే భాగాల్లో), ఏయే కలయికల్లో డొమైన్లు రిజిస్టర్ అయ్యాయో వస్తాయి. ఒక మాటకు అలాంటివి అసలు లేవంటే ఆ పేరు ఎవరికీ అక్కర్లేదనే అర్థం. ఆర్‌డాప్ తేదీలు పనికొచ్చేది ఇక్కడే. పదేళ్ళ క్రితం డాట్ నెట్ రిజిస్టర్ చేసి ఇప్పటికీ రెన్యువల్ కడుతున్నవాడు, పోయిన నెల సరదాగా కొన్నవాడు ఒకటి కాదు.

తర్వాత లైసెన్సు జాబితాలు. అమెరికాలో చాలా వృత్తులకు రాష్ట్రమే లైసెన్సు ఇస్తుంది, ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్ల బోర్డు సైటుంది, ఇంటి పైకప్పు పని చేసేవాళ్ళది అందులో సి-39 అనే తరగతి. ఫ్లోరిడాలోనూ అలాంటి సైటుంది. డాక్టర్లు, డెంటిస్టులు అయితే అక్కడి వైద్యుల ప్రభుత్వ జాబితా ఎన్‌పీఐ రిజిస్ట్రీలో ఊరి వారీగా దొరుకుతారు, క్లినిక్ అడ్రసు, ఫోన్ నంబరు సహా. మన దగ్గర రియల్ ఎస్టేట్ పేర్లకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరా సైట్లలో ప్రాజెక్టులు, ప్రమోటర్లు, ఏజెంట్లు ఉంటారు. సరుకు అమ్మేవాళ్ళకు ఇండియామార్ట్, చిన్న సర్వీసులకు జస్ట్‌డయల్. ఇవేవీ కొత్త సంగతులు కావు. కానీ ఏఐ అల్లిన పట్టికకూ దీనికీ పోలికే లేదు, ఎందుకంటే ఇందులో ఉన్నవాళ్ళు నిజంగా ఉన్నారు.

మూడోది, ఇప్పుడు ప్రకటనల మీద డబ్బు పెడుతున్నవాళ్ళు. గూగుల్లో మీ కీవర్డ్ కొడితే పైన "స్పాన్సర్డ్" అని వచ్చేవాళ్ళు ప్రతి క్లిక్కుకూ డబ్బు కడుతున్నారు. గూగుల్ ప్రకటనల పారదర్శకత సైటులోనూ, మెటా యాడ్ లైబ్రరీలోనూ ఎవరి ప్రకటనలు ఇప్పుడు నడుస్తున్నాయో ఉచితంగా చూడొచ్చు. క్లిక్కుకు డబ్బు కట్టడం అలవాటైనవాడికి డొమైన్ ధర విని గుండె ఆగదు.

చదివే పని దానికివ్వండి

ఇలా ఓ యాభై, అరవై కంపెనీలు పోగయ్యాక ఏఐ నిజంగా అక్కరకొస్తుంది. ఒక్కో సైటు హోమ్ పేజీ, కాంటాక్ట్ పేజీ అందులో పేస్ట్ చేసి నేను అడిగేది దాదాపు ఇలా ఉంటుంది:

"కింద ఒక కంపెనీ వెబ్‌సైటులోని మాటలు ఇస్తున్నాను. ఈ కంపెనీ ఇప్పుడు నడుస్తోందా? ఏ వాక్యాన్ని బట్టి చెబుతున్నావో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయి. ఏయే ఊళ్ళలో పని చేస్తోంది, ఈమధ్య కొత్త ఊరేమైనా చేరిందా? ఇప్పుడున్న డొమైన్ పొడుగ్గా ఉందా, గీత ఉందా, కంపెనీ పేరుకూ దానికీ తేడా ఉందా? యజమాని పేరు పేజీలో ఉందా? పేజీలో లేనిది ఊహించకు. లేకపోతే 'లేదు' అని రాయి."

చివరి రెండు వాక్యాలు ఎప్పుడూ వదలకండి. పేజీలోని వాక్యాన్ని ఎత్తి చూపమంటే అబద్ధాలు బాగా తగ్గుతాయి, మనం సరిచూసుకోవడమూ తేలిక. తెలుగులో అడిగినా అర్థం చేసుకుంటుంది, జవాబు కూడా తెలుగులోనే చెబుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను, పేరు బయటపెట్టను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ ఊళ్ళలో ఒకదాని పేరు, వెనక రూఫింగ్ అనే మాట, డాట్ కామ్. ఉత్తర టెక్సస్‌లో వసంతకాలం వస్తే వడగళ్ళు పడతాయి, పైకప్పులు దెబ్బతింటాయి, ఇన్సూరెన్స్ క్లెయిములు మొదలవుతాయి. రూఫింగ్‌కు అక్కడ అంత గిరాకీ అందుకే. ఏఐని ముందు మామూలుగా అడిగితే రూఫింగ్ కంపెనీలు, రియల్ ఎస్టేట్ సంస్థలు, ఇన్సూరెన్స్ కంపెనీలు, సామాన్లమ్మే దుకాణాలు అని నాలుగు రకాలు చెప్పింది. మొదటిది తప్ప మిగిలినవి వట్టి మాటలు. టెక్సస్ రాష్ట్రం రూఫింగ్‌కు లైసెన్సు ఇవ్వదు కాబట్టి కాలిఫోర్నియాలోలా జాబితా కూడా లేదు. మ్యాప్స్, ప్రకటనలు చూసి నేనే పోగేశాను.

అప్పుడు ప్రశ్న మార్చి, "ఈ పేరు లేకపోవడం వల్ల ఇప్పుడు ఎవరికి కస్టమర్ చేజారుతున్నాడు?" అని అడిగాను. దానికి మంచి జవాబు వచ్చింది. వడగళ్ళ తర్వాత బయటి ఊళ్ళ నుంచి వచ్చే కంపెనీలను స్థానికులు నమ్మరు, వాళ్ళకు ఊరి పేరున్న సైటు ఉంటే నమ్మకం కలుగుతుంది అంది. వెంటనే జాబితాలో ఉన్న కంపెనీల పేజీలన్నీ చదివించి, ఈ ఊళ్ళో ఆఫీసు లేకుండా ఈ ఊరికి సర్వీసు ఇస్తున్నామని రాసుకున్నవాళ్ళను వేరు చేయమన్నాను. కొద్దిమందే తేలారు. వాళ్ళలో ఒకరు అప్పుడే ఆ ఊరి పేరును తమ సర్వీసు జాబితాలో చేర్చారు. కొన్నది వాళ్ళే. నాలుగంకెల డాలర్లకు, పెద్దగా బేరం లేకుండా. నేను ఒక్కణ్ణీ ఆ పేజీలన్నీ చదివి ఆ కొత్త ఊరిని గమనించేవాణ్ణేమో, కానీ ఒక వారం పట్టేది.

ధర విషయం మాత్రం దాన్ని అడగొద్దు. మీ పేరెంత బాగుందో పొగిడి ఒక అంకె చెబుతుంది. గోడాడీ ఆటోమేటిక్ అంచనా కూడా అంచనాయే. పాత డొమైన్ అమ్మకాల ధరలు చూపే నేమ్‌బయో సైటులో అదే మాటతో, అదే ఎక్స్‌టెన్షన్‌తో నిజంగా అమ్ముడైన పేర్లు చూసుకోండి. ఏఐని అడగాల్సింది తిరగేసి: "ఈ పేరును ఎవరూ కొనకపోవడానికి కారణాలన్నీ చెప్పు." అక్కడ అది కాస్త నిజాయితీగా ఉంటుంది.

ఏఐ మిమ్మల్ని కోర్టుకు తీసుకెళ్ళే దారి

మీ నలభైలో ఏదో ఒక కంపెనీ బ్రాండు మాటున్న పేర్లు కూడా కొన్ని ఉన్నాయన్నారు. ఈ భాగం రెండుసార్లు చదవండి.

అలాంటి పేరు ఇచ్చి కొనేవాళ్ళెవరని అడిగితే, ఏఐ ఆ బ్రాండు సొంతదారునే జాబితాలో మొదట పెడుతుంది. దాని తర్కం ప్రకారం అది సరైనదే, ఆ పేరు అందరికన్నా ఎక్కువ అవసరం వాళ్ళకే. మీరు వెంటనే వాళ్ళకు "మీ పేరుతో డొమైన్ నా దగ్గరుంది, ఇంతకు ఇస్తాను" అని రాస్తారు. ఆ ఈమెయిలే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం. డొమైన్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ 1999లో తెచ్చిన యూడీఆర్‌పీ అనే డొమైన్ తగాదాల నిబంధనల్లో దురుద్దేశానికి మొదటి గుర్తుగా రాసిందే ఇది: ట్రేడ్‌మార్క్ సొంతదారుకు, ఖర్చులకు మించిన ధరకు అమ్మాలనే ముఖ్య ఉద్దేశంతో కొనడం. కంపెనీ ఇలాంటి తగాదాలు తీర్చే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపో దగ్గర 1500 డాలర్ల ఫీజు కట్టి ఫిర్యాదు చేస్తుంది, గెలిస్తే పేరు పట్టుకుపోతుంది. మీకు రూపాయి రాదు. డాట్ ఇన్ పేర్లకు మన దేశంలోనే ఐఎన్‌డీఆర్‌పీ అని ఇలాంటిదే ఉంది.

2024లో జియోహాట్‌స్టార్ డాట్ కామ్ గొడవ చూసే ఉంటారు. జియో సినిమా, హాట్‌స్టార్ కలుస్తాయని ముందే ఊహించి ఢిల్లీ డెవలపర్ ఒకతను ఆ పేరు కొనిపెట్టుకున్నాడు. తన పైచదువుకయ్యే ఖర్చు భరిస్తే ఇస్తానని రిలయన్స్‌కు బహిరంగంగా రాశాడు. కంపెనీ ఒప్పుకోలేదు. ఊహ నూటికి నూరుపాళ్ళు నిజమైనా రిలయన్స్ నుంచి అతను అడిగిన డబ్బు రాలేదు. అంతకుముందే 2004లో సుప్రీంకోర్టు, డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్‌కు ఉండే లాంటి రక్షణ ఉంటుందని తేల్చేసింది. ఆ కేసు వేసింది కూడా మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవేనే, సిఫీ అనే తమ పేరును పోలిన డొమైన్ మీద.

కాబట్టి జాబితా తయారయ్యాక ప్రతి పేరునూ భారత ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ ఉచిత సెర్చిలోనూ, అమెరికా పేరైతే అక్కడి ట్రేడ్‌మార్క్ ఆఫీసు యూఎస్‌పీటీఓ సైటులోనూ వెతకండి. ఆ పని కూడా ఏఐకి అప్పగించకండి, అది "ఏమీ లేదు" అని ధీమాగా చెప్పేస్తుంది. సాధారణ మాటలతో ఉన్న పేర్లు, అంటే ఊరు, వృత్తి, వస్తువు, వీటితో ఈ తలనొప్పి తక్కువ. బ్రాండు మాటున్నవి రెన్యువల్ చేయకుండా వదిలేయడమే మంచిది. అప్పటికే ఆ కంపెనీ నుంచి లీగల్ నోటీసు వచ్చి ఉంటే మాత్రం నన్ను కాదు, లాయర్ని అడగండి.

ఈమెయిల్ సంగతి

ఏఐ రాసిన అమ్మకం ఈమెయిల్‌ను ఇప్పుడు అందరూ వాసన పట్టేస్తున్నారు. మూడు పేరాలు, నిండా విశేషణాలు, మీ డిజిటల్ ప్రస్థానం అంటూ ఒక ఉపన్యాసం. దాన్ని తిరగరాయమనే బదులు మీరే నాలుగు వాక్యాలు రాసి, ఇంగ్లిష్ తప్పులు మాత్రం దిద్దమనండి. నేను పంపేది తెలుగులో చెబితే ఇంతే:

"నమస్తే. మీరు ఫలానా డాట్ నెట్ వాడుతున్నారు. అదే పేరు డాట్ కామ్ నా దగ్గరుంది, అమ్ముతున్నాను. మీకు అవసరం ఉంటుందేమోనని రాస్తున్నాను. ఆసక్తి ఉంటే జవాబివ్వండి, లేకపోతే మళ్ళీ ఇబ్బంది పెట్టను."

కింద నా అసలు పేరు, ఫోన్ నంబరు, చిరునామా. చిరునామా ఎందుకంటే అమెరికాలో 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం వ్యాపార ఈమెయిల్లో తపాలా చిరునామా, ఇక వద్దని చెప్పే దారి ఉండాలి. కెనడాలో 2014 నుంచి ముందే అనుమతి ఉండాలన్న నియమం ఉంది, అందుకని కెనడా కంపెనీలకు నేను ఈమెయిల్ పెట్టను, ఫోన్ చేస్తాను. ఐరోపావాళ్ళ జోలికి వెళ్ళను.

ధర మొదటి ఈమెయిల్లోనే పెట్టాలా అన్నది ఎప్పటికీ తెగని చర్చ. వెయ్యి డాలర్ల లోపైతే పెట్టేయండి, ఇద్దరికీ టైమ్ కలిసొస్తుంది. అంతకు పైనైతే జవాబు వచ్చాక చెప్పండి.

ఒకేసారి వందలమందికి పంపే ఆటోమేషన్ టూల్స్ అంటగట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. వద్దు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నియమాలు బిగించింది. రోజుకు ఐదు వేలకు పైగా పంపేవాళ్ళకే అన్నీ వర్తించినా, స్పామ్ అని నొక్కేవాళ్ళు ఎక్కువైతే, చిరునామా లేదని వెనక్కి వచ్చే ఈమెయిల్స్ (బౌన్సులు) పెరిగితే చిన్నవాళ్ళ ఈమెయిల్స్ కూడా స్పామ్ ఫోల్డరుకే పోతాయి. ఏఐ అల్లిన చిరునామాలకు పంపడం వల్ల జరిగే అసలు నష్టం ఇదే. ఒక పేరుకు పది, పదిహేను మంది చాలు, ఒక్కొక్కరికీ విడిగా.

మన దగ్గర అమ్మేటప్పుడు

ఆంధ్ర, తెలంగాణ వ్యాపారులకు ఈమెయిల్ పంపడం దండగ. సైటులో ఉన్న ఈమెయిల్ ఎవరూ తెరవరు. ఫోన్ చేయాలి, తెలుగులో మాట్లాడాలి. మొదటి నిమిషంలో మీరు సైబర్ మోసగాడు కాదని నమ్మించాల్సి ఉంటుంది. ఓటీపీ అడుగుతారా, లింకు నొక్కమంటారా అని వాళ్ళు కాచుకొని ఉంటారు, వాళ్ళ తప్పు లేదు. "నేనేమీ పంపను, మీరే బ్రౌజర్లో ఈ పేరు కొట్టి చూడండి" అనడం నాకు బాగా పనిచేసింది. అమ్మకం పేజీ పెట్టుకోమని మొదట్లో చెప్పింది ఇందుకూ పనికొస్తుంది.

మీరు అడిగిన తెలుగు మాటల డొమైన్ల విషయంలో ఏఐ బలహీనత బాగా కనిపిస్తుంది. పచ్చళ్ళకు సంబంధించిన ఒక తెలుగు పేరిచ్చి కొనేవాళ్ళ రకాలు చెప్పమంటే రెస్టారెంట్లు, ఫుడ్ బ్లాగర్లు, సూపర్ మార్కెట్లు అంది. స్వగృహ ఫుడ్స్ దుకాణాలు దానికి తట్టలేదు. అమెరికాకు కొరియర్‌లో పచ్చళ్ళు, పొడులు పంపే ఇంటి వ్యాపారాలు తట్టలేదు. ఆ రకాలు నేను చెప్పాక మాత్రం, నేనిచ్చిన పేజీలు చదివి విదేశాలకు పంపుతామని రాసుకున్నవాళ్ళను చక్కగా విడదీసింది. వాళ్ళలో సొంత డొమైన్ లేకుండా ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మీదే నడిపేవాళ్ళు నా మొదటి గురి. ఫోన్ ఎత్తిన పెద్దాయన "ఇవన్నీ మా అమ్మాయి చూసుకుంటుందండీ, న్యూజెర్సీలో ఉంటుంది" అన్నారు. బేరం ఆ అమ్మాయితోనే తెగింది. మన కుటుంబ వ్యాపారాల్లో వెబ్‌సైటు నిర్ణయం చాలాసార్లు కొడుకుదో కూతురిదో. "మీ సైటు ఎవరు చూసుకుంటారండీ?" అన్నదే మొదట అడగండి.

తెలుగు మాటలతో ఇంకో చిక్కు, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కో మాటను మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఆ రకాలన్నీ రాసిమ్మని ఏఐని అడిగి, ఒక్కొక్కదానితో వెతకండి. ఈ పని అది బాగా చేస్తుంది.

ఎవరో కొంటామని వస్తే

ఈ మధ్య కొనేవాళ్ళ వేషంలో వచ్చే ఈమెయిల్స్ కూడా ఏఐతో నున్నగా రాయించినవే. ఒక పాత మోసం ఇంకా నడుస్తోంది: మంచి ధర ఇస్తానంటాడు, ముందు ఫలానా సైటు నుంచి డొమైన్ విలువ సర్టిఫికెట్ తెమ్మంటాడు, దానికి మీరు డబ్బు కడతారు, తర్వాత మనిషి ఉండడు. నిజంగా కొనేవాడు సర్టిఫికెట్ అడగడు. మధ్యవర్తిగా డబ్బు పట్టి ఉంచే ఎస్క్రో డాట్ కామ్ లాంటి చోటే లావాదేవీ చేయండి, అదీ ఈమెయిల్లో వచ్చిన లింకు నొక్కి కాదు, మీరే టైప్ చేసి వెళ్ళి. డబ్బు వాళ్ళ దగ్గరికి చేరిందని ఎస్క్రో ఖాతాలో కనిపించేదాకా, డొమైన్ చేతులు మారడానికి వాడే ట్రాన్స్‌ఫర్ కోడ్ ఎవరికీ ఇవ్వకండి.

టూల్స్ గురించి అడిగారు కదా. చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్, ఏదైనా ఒకటే, పేజీలు చదివే పనిలో పెద్ద తేడా నాకు కనిపించలేదు. ఇంటర్నెట్‌లో వెతికి లింకులు చూపించే పనికి పర్‌ప్లెక్సిటీ బాగుంటుంది. రోజూ యాభై పేజీలు చదివించే స్థాయికి వస్తే అప్పుడు ఒక నెల డబ్బు కట్టి చూడండి. "డొమైన్ కొనేవాళ్ళను పట్టే ఏఐ" అని విడిగా అమ్మేవి నేను చూసినంతలో, లోపల ఇదే పని చేసి పైన ధర వేసినవే.

ఈ వెతుకులాట అసలు పనికొచ్చేది డొమైన్ కొన్న తర్వాత కాదు, కొనేముందు. ఇప్పుడు నేను కొత్త పేరు కొనాలంటే ముందు ఇదంతా ఒక గంట చేస్తాను. నిజంగా నడుస్తున్న పది కంపెనీలు, ఒక్కోదానికీ ఈ పేరు ఎందుకు అవసరమో ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా దొరక్కపోతే, ఎంత ముద్దుగా ఉన్నా కొనను.

మీ నలభైకీ అదే పరీక్ష పెట్టండి. డాట్ కామ్ హోల్‌సేల్ ధరే 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకు పెరిగింది, దానిపైన రిజిస్ట్రార్ వాటా, పన్ను. నలభైకీ అన్నీ కలిపి ఏటా నలభై వేల రూపాయలకు పైనే రెన్యువల్‌కు పోతుంది. రాబోయే రెండు నెలల్లో గడువు తీరే పేర్లతో మొదలుపెట్టండి, పది కంపెనీలు తేలని వాటికి ఆటో రెన్యూ ఆపేయండి.